బ్లూమ్: ఇరవై ఏళ్ల డీటీపీ తర్వాత నా చేత మౌస్ వదిలించిన సాఫ్ట్‌వేర్

ముందే చెప్పేస్తాను, పిల్లల పుస్తకాలు తయారుచేసుకునే బ్లూమ్ అనే ఈ సాఫ్ట్‌వేర్‌ని నేను ఇష్టపడి మొదలుపెట్టలేదు. దీన్లో ఏముందిలే అనుకుంటూ మొదలుపెట్టాను.

ఇరవై ఏళ్లు డీటీపీ చేశాను. పుస్తకాలు, కరపత్రాలు, సావనీర్లు, ప్రశ్నపత్రాలు. మ్యాటర్ కంపోజ్ చేయడం, ప్రూఫులు దిద్దించుకోవడం, పేజీలు కట్టడం, ఫారం లెక్క సరిచూసుకుని ప్రింటింగుకి పంపడం. ఈ పనిలో ముదిరినవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. ఎవరు ఏ పుస్తకం చేతికిచ్చినా ముందు మార్జిన్లు చూస్తాం, తర్వాత ఫాంటు చూస్తాం, లోపల ఏం రాశారన్నది ఆఖరికి. అందుకే ‘ఎవరైనా పుస్తకం చేసుకోవచ్చు’ అనే మాట వింటే నాకు లోపల కాస్త నవ్వు, కాస్త మంట. ఎవరైనా చేసేస్తే మరి మేమెందుకు?

ఇప్పుడు నేను ఆదివారాలు వెళ్తున్న చోట పది పన్నెండు మంది పిల్లలు, నలుగురైదుగురు పెద్దవాళ్లు కూడి చదువుకుంటారు, రాసుకుంటారు. మొదట గోడ పత్రిక ఉండేది. తర్వాత లిఖిత పత్రిక. లిఖిత పత్రికతో చిక్కేమిటంటే ఉండేది ఒకే ఒక్క కాపీ. అది ఎవరింటికి వెళ్తే వాళ్లింట్లోనే స్థిరపడిపోయేది. మూడో సంచిక ఈరోజుకీ దొరకలేదు.

‘మీకు కంప్యూటర్ వచ్చు కదా’ అని ఆ బాధ్యత నా మీద వేశారు. నాకు తెలిసిన పద్ధతిలో చక్కగా పేజీలు కట్టి, పీడీఎఫ్ చేసి, పేజీలు తిరుగుతున్నట్టు చూపించే ఒక సైట్లో పెట్టాను. పేరు చెప్పను. మొదటి మూడు సంచికలు హాయిగా నడిచాయి. నాలుగోది పెట్టేసరికి నిబంధనలు మారాయి. పాత సంచికల పక్కన ప్రకటనలు వచ్చి కూర్చున్నాయి, కొన్నాళ్లకి అసలు తెరుచుకోవడమే మానేశాయి. సరే, మళ్లీ చేద్దాం అని చూస్తే నా పాత కంప్యూటర్ పోయింది, మిగిలింది పీడీఎఫ్ ఒక్కటే. అందులోంచి తెలుగు కాపీ చేసి అతికిస్తే వత్తులు ఒక దారి, అక్షరాలు ఒక దారి. పీడీఎఫ్ ముఖ్యంగా దాచుకునేది అక్షరాల ఆకారాలు, అవి కాగితం మీద ఎక్కడ కూర్చోవాలన్న లెక్క. ‘స్త్రీ’ అన్నది మనకి ఒక అక్షరం, దానికి రెండు మూడు బొమ్మలు. తిరిగి అక్షరంగా మార్చమంటే తెల్లమొహం వేస్తుంది. పిల్లల కథలన్నీ మళ్లీ టైప్ చేశాం.

అప్పటి నుంచి ఏ పనిముట్టు చూసినా నాది ఒకటే ప్రశ్న. నేను లేని రోజున ఇంకొకరు ఈ పుస్తకాన్ని తెరిచి, ఒక తప్పు దిద్ది, మళ్లీ మూసి పెట్టగలరా? బ్లూమ్‌ని ఆ ప్రశ్నతోనే చూశాను. ఈ రివ్యూ కూడా దాని చుట్టూనే తిరుగుతుంది.

బ్లూమ్ ఎస్ఐఎల్ అనే సంస్థ తయారుచేసింది. ప్రపంచంలో చదవడానికి పుస్తకాలు లేని చిన్న భాషలతో పనిచేసే సంస్థ అది. సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపెన్ సోర్స్. కొన్ని అదనపు హంగులకి మాత్రం సభ్యత్వం అడుగుతుంది, మాకు వాటి అవసరం పెద్దగా పడలేదు. విండోస్ కంప్యూటర్‌లో వేసుకోవాలి. ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ఇది మాకు చాలా కలిసొచ్చింది.

తెరిస్తే పైన మూడే ట్యాబులు: పుస్తకాల జాబితా, దిద్దుబాటు, ప్రచురణ. అంతే! నాలాంటివాడికి మొదట ఒళ్లు మండింది. గైడ్‌లైన్లు లేవు, మాస్టర్ పేజీ లేదు, అక్షరాల మధ్య ఎడం సవరించే సదుపాయం కనబడలేదు. కొన్ని నమూనాలు (టెంప్లేట్లు) ఉన్నాయి: మామూలు పుస్తకం, పెద్ద పుస్తకం, బొమ్మల నిఘంటువు, గోడ క్యాలెండర్, ఇలా. ఒకటి ఎంచుకుంటే బొమ్మ పైన, మాటలు కింద ఉన్న పేజీ వస్తుంది. ఇంకో పేజీ కావాలంటే ఇంకోటి చేర్చుకోవడమే. పదేళ్ల పిల్ల అయిదు నిమిషాల్లో కుర్చీలోంచి నన్ను లేపేసి తను కూర్చుంది. నేను పక్కన నిలబడి ‘అది కాదు, ఇది నొక్కు’ అంటూ ఉంటే, ‘మాస్టారూ, మీరు కాసేపు మాట్లాడకండి’ అంది.

తెలుగువాళ్లకి మొదటి రోజే ఒక చిన్న అడ్డంకి ఎదురవుతుంది. బ్లూమ్ తనంతట తాను పెట్టుకునే ఫాంటు ఆండికా. చదవడం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఎస్ఐఎల్ వాళ్లే గీసుకున్న ఫాంటు, మంచిదే, కానీ అందులో తెలుగు లేదు. మనం ఏమీ మార్చకపోతే విండోస్ తనకి తోచిన తెలుగు ఫాంటు తెచ్చి పెడుతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి తెలుగుకి ఏ ఫాంటు వాడాలో మనమే చెప్పాలి. మేము మండలి అనే ఫాంటు పెట్టుకున్నాం. నోటో సాన్స్ తెలుగు కూడా బాగుంటుంది. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నవే కాబట్టి ఈబుక్‌లో పొదిగి పంపినా ఎవరూ అడగరు. ఒకవేళ మీ పాత మ్యాటర్ యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాన్ని ఒకేలా గుర్తించే ఏర్పాటు) రాకముందటి ఫాంట్లలో ఉంటే ముందు దాన్ని యూనికోడ్‌కి మార్చుకోండి. తెలుగు 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ నుంచే ఉంది కానీ, మా డీటీపీ లోకం అటువైపు తిరగడానికి చాలా ఏళ్లు తీసుకుంది. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఫాంటు కుదిరాక రెండో తలనొప్పి లైన్ల మధ్య ఎడం. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం తెలుగుకి చాలదు. పై లైన్లో ‘వస్త్రం’ అని ఉంటే దాని కింద త వత్తు, ర వత్తు వేలాడుతుంటాయి. సరిగ్గా దాని కింది లైన్లో ‘నీళ్లు’ వచ్చిందనుకోండి, ఆ గుడిదీర్ఘం పైకి లేచి వాటిని గుద్దుకుంటుంది. మా మొదటి పేజీలో సరిగ్గా అదే జరిగింది. నేను అలవాటు కొద్దీ ‘ఆ వాక్యం కాస్త మార్చి రాయండి’ అనబోయాను. పిల్ల ఈలోగా మాటల పెట్టె మూలన ఉన్న చిన్న పళ్లచక్రం బొమ్మ నొక్కింది, లైన్ల ఎడం 1.8 చేసింది. ఒక్క పేజీలో మారిస్తే అదే శైలి వాడిన పేజీలన్నీ మారిపోయాయి. స్టైల్ షీట్ అంటే ఏమిటో నేను కొత్త కుర్రాళ్లకి వారం రోజులు చెప్పేవాణ్ణి. ఈ పిల్లకి ఆ మాట తెలియకుండానే అందులోని సుఖం తెలిసిపోయింది.

ఇక నేను నిజంగా మెత్తబడింది మూడో ఆదివారం. పిల్లలు వెళ్లిపోయాక, ఈ బ్లూమ్ ఫైళ్లు ఎలా దాస్తోందో చూద్దామని దాని ఫోల్డర్ తెరిచాను. పుస్తకానికో ఫోల్డర్. లోపల ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు (అంటే వెబ్ పేజీ), పక్కనే బొమ్మలు, రికార్డు చేసిన గొంతులకి విడిగా ఇంకో ఫోల్డర్. ఆ హెచ్‌టీఎంఎల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, గుర్తుల మధ్యలో, మా పిల్లల వాక్యాలు తెలుగులో తెలుగులాగే కనిపించాయి. రేపు బ్లూమ్ అన్నదే లేకపోయినా ఆ వాక్యాలు ఎవరైనా తీసుకోవచ్చు. పీడీఎఫ్ దెబ్బ తిన్నవాడికి ఆ దృశ్యం ఎంత హాయో చెప్పలేను. ఆ రాత్రి ఫోల్డర్ మొత్తాన్ని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి పెద్దావిడ చేతికిచ్చాను.

పెద్దావిడ సంగతి చెప్పాలి. డెబ్బై దాటాయి, చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. పిల్లలంతా అమ్మమ్మగారూ అంటారు. ఆవిడ దగ్గర ఒక కథ ఉంది: తన ఇల్లు ఇరుకైందని నత్త అలిగి ఇల్లు ఖాళీ చేసిన కథ. ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు మొదటిసారి విన్నట్టే వింటారు. దాన్నే మా మొదటి మాట్లాడే పుస్తకం చేద్దామనుకున్నాం.

బ్లూమ్‌లో టాకింగ్ బుక్ అనే పనిముట్టు ఉంది. పేజీలో ఉన్న మాటల్ని వాక్యాలుగా విడగొట్టి, ఒక్కో వాక్యాన్నీ పసుపు రంగులో చూపిస్తుంది. మైకు గుర్తు నొక్కి పట్టుకుని ఆ వాక్యం చదవాలి, వదిలేస్తే ఆగుతుంది. తర్వాతి వాక్యం వెలుగుతుంది. పుస్తకం తయారయ్యాక చదివేవాళ్లకీ అలాగే, గొంతు వినబడుతున్న వాక్యం వెలుగుతూ ఉంటుంది. చదవడం నేర్చుకునేవాళ్లకి వేలు పెట్టి చూపించినట్టు ఉంటుంది.

నేను ఇంతకుముందు ఆడియో పుస్తకం అంటే ఏకబిగిన రికార్డు చేయడమే అనుకునేవాణ్ణి. మధ్యలో దగ్గు వస్తే మళ్లీ మొదటికి, లేదంటే కత్తిరింపులు. పెద్దావిడకి రెండో వాక్యంలోనే దగ్గొచ్చింది. ‘అయ్యో, పాడుచేశానా బాబూ?’ అన్నారు. ‘ఏం లేదు అమ్మమ్మగారూ, ఆ ఒక్క ముక్క మళ్లీ చెప్పండి’ అన్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకున్నా తెర మీది అక్షరాలు కనబడలేదు. కుర్రాడు వాక్యం చెవిలో చెప్పడం, ఆవిడ తన పద్ధతిలో దాన్ని అనడం. పది పేజీల పుస్తకానికి గంటన్నర పట్టింది. అందులో సగం సేపు నవ్వులే.

ఒక చిట్కా. వాక్యం ఎక్కడ ముగిసిందో అది చుక్కని బట్టి తేల్చుకుంటుంది. కాబట్టి ‘డా.’ లాంటి పొడి అక్షరాలు, ఇంటిపేరు అక్షరం తర్వాత చుక్కలు ఉన్న మ్యాటర్‌ని రికార్డుకి కూర్చునేముందే ఒకసారి చూసుకోండి. అలాగే రికార్డింగ్ అయ్యాక వాక్యాలు మార్చొద్దు, మారిస్తే ఆ ముక్క మళ్లీ చదవాలి. ముందు ప్రూఫు, తర్వాతే మైకు. ఇది నేను పిల్లలకి నేర్పగలిగిన ఏకైక సంగతి, అది కూడా పూర్తిగా ఎక్కలేదని తర్వాత తెలిసింది.

స్థాయి పుస్తకాల పనిముట్టు ఇంకోటుంది. మొదటి స్థాయి అంటే పేజీకి ఇన్ని పదాలు, వాక్యానికి ఇన్ని పదాలు అని హద్దులుంటాయి. దాటితే రంగు మారి హెచ్చరిస్తుంది. ఆలోచన చాలా మంచిది. కానీ పదాలు లెక్కపెట్టడం అన్నది తెలుగు దగ్గర తిరగబడుతుంది. మా కుర్రాడొకడు ‘వెళ్లిపోతున్నట్టున్నాడనుకుంటా’ అని రాశాడు. పదాల లెక్కలో అది ఒకటి. కొత్తగా చదివే పిల్లకి అదొక గూడ్సు బండి. ఇంగ్లీషులో అదే మాట చెప్పాలంటే అరడజను పదాలు పడతాయి, వెంటనే రంగు మారుతుంది. మనకేమో అంతా పచ్చగా ఉంది అనిపిస్తుంది. హద్దుల్ని మనం మార్చుకునే వీలుంది కాబట్టి కొంత బిగించాం. దానికంటే ఎక్కువ పనికొచ్చింది మేము పెట్టుకున్న సొంత నియమం: చిన్నపిల్లల పుస్తకంలో సంధి కలపకుండా విడదీసి రాయడం. ‘వెళ్లిపోతున్నట్టు ఉన్నాడు అనుకుంటా.’ చూడటానికి కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, నిజమే. చదివే పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది.

బొమ్మల దగ్గర చిన్న పేచీ వచ్చింది. ఎస్ఐఎల్ వాళ్ల ఆర్ట్ ఆఫ్ రీడింగ్ అనే బొమ్మల పెట్టె బ్లూమ్‌తో వాడుకోవచ్చు. 10,000కి పైగా గీతల బొమ్మలున్నాయి, నలుపు తెలుపు. అందులో నత్తలున్నాయి కానీ అలిగిన నత్త లేదు. ఒక పిల్లాడు నెట్‌లోంచి కళ్లు పెద్దవిగా ఉన్న కార్టూన్ నత్తని పట్టుకొచ్చాడు. బొమ్మ పెట్టగానే దీన్ని గీసిందెవరు, లైసెన్స్ ఏమిటి అని బ్లూమ్ అడిగింది. ‘తెలీదు అని పెట్టేద్దామా?’ అన్నాడు. వద్దన్నాను. చివరికి తనే గీశాడు. ఆ నత్త కళ్లు పెద్దవి కావు, మూతి మాత్రం మూరెడు ముడుచుకుంది. ఫోన్‌తో ఫోటో తీసి పెట్టాం. గీసినవారి గడిలో తన పేరు టైప్ చేసుకున్నప్పుడు వాడి మొహం చూడాలి.

అసలు గొడవ కవర్ మీద పేరు దగ్గర. రచన ఎవరిది? పెద్దావిడని అడిగితే, ‘నాకు మా అమ్మ చెప్పింది. ఆవిడకి వాళ్ల మేనత్త చెప్పిందట. ఎవరి పేరు వేస్తావు బాబూ?’ అన్నారు. టైప్ చేసిన పిల్లకి తన పేరు ఉండాలని ఉంది. ప్రచురించేటప్పుడు కాపీరైట్ ఎవరిది, ఏ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ అన్నది కూడా తేల్చి చెప్పాలి. డీటీపీలో ఉండగా నేను ఈ పేజీని అయిదు నిమిషాల్లో దాటేసేవాణ్ణి. ఇక్కడ ఒక ఆదివారం పూర్తిగా దీనికే పోయింది. ఆఖరికి మూడు వరసలు కుదిరాయి: చెప్పినవారు, రాసుకున్నవారు, బొమ్మలు వేసినవారు. కృతజ్ఞతల చోట ఆ మేనత్తకి కూడా ఒక వాక్యం. పేరు ఎవరికీ గుర్తులేదు, ‘అమ్మమ్మగారి అమ్మకి మేనత్త’ అనే వేశాం. పిల్లల ఇంటిపేర్లు, ఫోటోలు ఎక్కడా పెట్టలేదు. నెట్ మీదికి వెళ్లే పుస్తకం కాబట్టి ఈ జాగ్రత్త మీరూ తీసుకోండి.

లైసెన్స్ విషయంలో పెద్దావిడే తేల్చేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పేరు మాత్రం చెప్పాలి అనే రకాన్ని చదివి వినిపిస్తే, ‘కథలు ఎప్పుడూ అంతేగా’ అన్నారు. పేరు చెప్పడం ఒక్కటే కొత్త అన్నట్టు మొహం పెట్టారు.

ఇక అచ్చు. ఇక్కడ నేను చెలరేగిపోదామనుకున్నాను, బ్లూమ్ ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఏ4 కాగితం మధ్యకి మడిస్తే ఏ5 పుస్తకం. ఏ షీట్ మీద ఏ పేజీ పడాలన్న లెక్క, అంటే మేము డమ్మీ మడిచి అంకెలు వేసుకుని చూసుకునే లెక్క, అదే చూసుకుంటుంది. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడకపోతే ఖాళీ పేజీలు చేర్చుకుంటుంది. కవర్‌కి ఒక పీడీఎఫ్, లోపలి పేజీలకి ఒక పీడీఎఫ్ విడిగా ఇస్తుంది, కవర్‌ని రంగు కాగితం మీద వేసుకోవచ్చని. మధ్యలో రెండు పిన్నులు కొడితే పుస్తకం. ఎంతసేపని చూస్తాను, లెక్కలో ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

తప్పు నేను చేశాను. రెండువైపులా ప్రింటు పెట్టేటప్పుడు కాగితాన్ని పొడుగు అంచు మీద తిప్పమన్నాను. అడ్డంగా ఉండే పుస్తకం షీట్‌ని పొట్టి అంచు మీద తిప్పాలి. ఇరవై ఏళ్ల అనుభవం! 40 కాపీలు, ప్రతి షీట్‌కీ వెనకవైపు తలకిందులు. ‘నత్త ఇల్లు బోర్లా పడింది’ అన్నాడు ఒకడు. ముందు ఒక్క కాపీ వేసి, మడిచి, చేత్తో తిప్పి చూడండి. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ రివ్యూ అన్నాక చెప్పాలి.

ఫోన్లలోకి పంపడానికి బ్లూమ్‌పబ్ అనే ఫైలు తయారవుతుంది, ఆండ్రాయిడ్‌లో బ్లూమ్ రీడర్ అనే యాప్‌తో తెరుచుకుంటుంది. ఈపబ్ అనే ఈబుక్ ఫైలు కూడా ఇస్తుంది. బ్లూమ్ లైబ్రరీ అనే వాళ్ల సైట్లో పెట్టుకోవచ్చు, అక్కడ వందల భాషల పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. నాకు అక్కడ నచ్చిన సంగతి వేరే. ఇంకొకరు పెట్టిన పుస్తకాన్ని బ్లూమ్‌లోకి దించుకుని మన భాషలోకి మార్చుకోవచ్చు. మన మాటల పెట్టె పక్కనే మూలం మాటలు బుడగలో కనిపిస్తుంటాయి, చూస్తూ రాసుకోవడమే. లైసెన్స్ వివరాలు, మూల రచయిత పేరు మనం టైప్ చేయకుండానే వెంట వస్తాయి. ఒకే పేజీలో రెండు మూడు భాషలు పక్కపక్కన ఉంచుకోవచ్చు కూడా. మా పిల్లల్లో ఇద్దరు ఇంట్లో వేరే భాష మాట్లాడతారు. వాళ్లు చేసిన రెండు భాషల పుస్తకం మా మొత్తం పుస్తకాల్లోకెల్లా ఎక్కువ నలిగింది. (అనువాదమే ముఖ్యం అనుకునేవాళ్లు ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ కూడా చూడండి. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, తెలుగు కథలు చాలా ఉన్నాయి. సొంత గొంతు, సొంత అచ్చు కావాలనుకున్నాం కాబట్టి మేము ఇటొచ్చాం.)

లోపాలు? ఉన్నాయి. పెద్ద రచనలకి ఇది పనికిరాదు. పేజీ నిండితే మిగతా మాటలు తర్వాతి పేజీలోకి తమంతట తాము ప్రవహించవు, ఎర్రగా మారి అక్కడే నిలబడతాయి. మనమే కత్తిరించి అవతల పెట్టాలి. పదహారు పేజీల పిల్లల పుస్తకానికి అది శిక్షణ, రెండువందల పేజీల ఆత్మకథకి అది శిక్ష. మా గుంపులో ఒకాయన ఆత్మకథ రాశారు. దానికి లిబ్రెఆఫీస్ వాడాను. 2018లో వచ్చిన 6.0 నుంచి నేరుగా ఈపబ్ ఇస్తోంది. దాన్ని సిజిల్ అనే ఈపబ్ దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి తెలుగు ఫాంటు పొదిగాను. ఈపబ్ అంటే లోపల చూస్తే జిప్ చేసిన వెబ్ పేజీలే, కాబట్టి భయపడాల్సిందేమీ లేదు. అచ్చుకి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్. పాత 1.4 వెర్షన్లలో తెలుగు వత్తులు విడిపోయేవి, 1.5 వరసలో సరిచేశారు, 2024 జనవరిలో వచ్చిన 1.6 హాయిగా ఉంది. ఇవన్నీ నాలాంటివాడి చేతికి బావుంటాయి. పదేళ్ల పిల్ల చేతికి కాదు.

డిజైన్‌లో స్వేచ్ఛ కూడా తక్కువే. కాస్త ఎదిగిన పిల్లలకి రెండు పుస్తకాల తర్వాత విసుగొస్తుంది. మా పద్నాలుగేళ్ల కుర్రాడు చదివేవాళ్లే దారి ఎంచుకునే కథలు రాసే ట్వైన్‌కి వెళ్లిపోయాడు. 2009లో క్రిస్ క్లిమాస్ మొదలుపెట్టింది అది. రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య ఒక మాట రాస్తే అదే దారి అవుతుంది, నొక్కితే కథ అటు తిరుగుతుంది. చివరికి ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు, ఏ బ్రౌజర్‌లోనైనా నడుస్తుంది, తెలుగుకి ఏ గొడవా లేదు. వాడి కథలో నత్త ఏ ఇంట్లోకి మారాలో మనం తేల్చాలి. పదకొండు ముగింపులు రాశాడు, తొమ్మిదింట్లో నత్త చచ్చిపోతుంది. పెద్దావిడకి చూపించలేదు.

స్టార్లు ఇమ్మంటే అయిదుకి నాలుగు. తగ్గించిన ఒకటి పొంగిపొర్లే ఎర్రమాటలకి, మాక్‌లో సులువుగా నడవకపోవడానికి కలిపి.

మళ్లీ ముద్రించిన 40 కాపీలు పంచేముందు మొదటిది పెద్దావిడకి చదివి వినిపించాం. మూడో పేజీ దగ్గర ఆపేశారు. ‘ఇదేమిటి, నత్తకి కోపం వచ్చింది అని ఉంది?’ అన్నారు. ‘మీరే అన్నారు కదా అమ్మమ్మగారూ’ అంది టైప్ చేసిన పిల్ల. ‘నేను అలిగింది అన్నాను. కోపం వస్తే అరుస్తారు. అలిగితే ఎవరో వచ్చి బతిమాలాలని చూస్తారు. కథంతా అదే కదా!’ రికార్డింగ్ వింటే అందులోనూ కోపమే. కుర్రాడు చెవిలో చెప్పింది తెర మీదున్న వాక్యాన్ని, ఆవిడ అప్పటి నవ్వుల్లో పట్టించుకోకుండా అలాగే అనేశారు.

నా పాత బుద్ధి ప్రకారం ‘ఈసారికి పోనివ్వండి, వచ్చే ముద్రణలో చూద్దాం’ అనేవాణ్ణి. పిల్ల అప్పటికే ఫైలు తెరిచింది. ఆ ఒక్క మాట మార్చింది. మైకు ఆవిడ ముందు పెట్టి ఆ ఒక్క వాక్యం మళ్లీ చెప్పించింది. అచ్చు సంగతేమిటని నా వైపు చూశారు. అప్పుడు మాత్రం నాకు పని దొరికింది. లోపలివి మూడు షీట్లు. కథలో మూడో పేజీ పడేది సరిగ్గా నడిమి షీట్ మీద, దాని మీద కథలోని 3, 4, 5, 6 పేజీలుంటాయి. పుస్తకం పారేయక్కర్లేదు, నడిమి షీట్ ఒక్కటి మారిస్తే చాలు. ఆ షీట్ 40 కాపీలు వేశాం, ఈసారి పొట్టి అంచు మీదే తిప్పి. అందరం నేల మీద కూర్చుని పిన్నులు విప్పాం, షీట్లు మార్చాం, మళ్లీ కొట్టాం. తీసేసిన కోపం నత్తల్ని పిల్లలు లెక్కల రఫ్ వర్కుకి పట్టుకుపోయారు.